రెప్పర్‌ఫియోర్డ్ గొడవ 2016లో మొదలవలేదు

నార్వే ఉత్తర కొసన, ఫిన్‌మార్క్ తీరంలోని రెప్పర్‌ఫియోర్డ్ (ఫియోర్డ్ అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నని సముద్రపు పాయ) మళ్ళీ వార్తల్లోకెక్కింది. ఆ నీటిలోకే వ్యర్థాలు వదలడానికి అనుమతి ఉన్న నుస్సిర్ రాగి గని 2025లో కెనడా కంపెనీ బ్లూ మూన్ మెటల్స్ చేతికి వెళ్ళింది. అదే ఏడాది ఆగస్టులో, దక్షిణాన ఉన్న ఫర్దె ఫియోర్డ్‌లో గని వ్యర్థాలు పోయడానికి ప్రభుత్వమిచ్చిన పర్మిట్ చెల్లదని అప్పీలు కోర్టు తేల్చింది. అక్కడ చెల్లనిది ఇక్కడ ఎలా చెల్లుతుందన్న ప్రశ్న వెంటనే లేచింది.

రాయి పిండి చేసి రాగి తీశాక మిగిలేదే టెయిలింగ్స్. తుమ్మలపల్లి యురేనియం గని పుణ్యమా అని ఆ బురదను నిలిపే టెయిలింగ్ పాండ్ అంటే మనకు తెలుసు. రెప్పర్‌ఫియోర్డ్‌లో సముద్రమే ఆ పాండ్. ఏటా 20 లక్షల టన్నుల దాకా నీటి అడుగుకు పంపడానికి 2016లో పర్యావరణ శాఖ అనుమతి ఇచ్చింది. గని నడపడానికి లైసెన్సు 2019లో వచ్చింది.

కంపెనీ వాదన ఫియోర్డ్ ఆకారం మీద ఆధారపడింది. మంచు నది లోయను లోపల లోతుగా తవ్వి, చాలాచోట్ల మూతి దగ్గర గడపలాంటి గట్టును వదిలేస్తుంది. దాని వెనక గుంటలో పడింది అక్కడే ఉండిపోతుందన్నది లెక్క. దీనికి తోడు ఉద్యోగాలు, కరెంటు వాహనాలకు రాగి. క్వాల్‌సుండ్ మునిసిపాలిటీ అప్పట్లో సరేనన్నది ఈ కారణాలతోనే.

ఆ లెక్క ఎంత నిజమో చూడటానికి ఊహలు అక్కర్లేదు. ఈ ఫియోర్డ్‌లో ఆ పని ఒకసారి జరిగిపోయింది. నన్నడిగితే మొత్తం తగవుకు కీలకం అదే. 1972 నుంచి 1979 దాకా ఫొల్డాల్ వెర్క్ అనే కంపెనీ పక్కనే ఉన్న ఉల్వెరిగ్గెన్ కొండలో రాగి తవ్వి, టెయిలింగ్స్‌ను ఫియోర్డ్ లోపలి కొసలో వదిలింది. గని మూతపడింది, బురద మిగిలింది. దశాబ్దాల తర్వాత శాస్త్రవేత్తలు అడుగుకు గొట్టాలు దించి మట్టిని నిలువునా తీసి చూస్తే, ఆనాటి పొరలో రాగి మామూలు స్థాయికి ఎన్నో రెట్లుంది. అది కింద పూడుకుపోయి ఊరుకోలేదు, లోపలి ఫియోర్డ్‌లో పై మట్టిలోనూ కనిపించింది. నది వరద తెచ్చే కదలిక, అడుగున బొరియలు చేసుకునే పురుగులు పాత పొరను కెలుకుతూనే ఉంటాయి. ఆ ఏళ్ళలో చేపలు దూరమయ్యాయని, తిరిగి రావడానికి చాలా కాలం పట్టిందని తీరం వెంట సామీ జాలర్లు (సామీలు ఈ ఉత్తరాది మూలవాసులు) చెబుతూనే ఉన్నారు. వాళ్ళ మాటను పాతవాళ్ళ జ్ఞాపకాలని తోసిపుచ్చడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. ఫియోర్డ్‌లోకి దిగే రెప్పర్‌ఫియోర్డ్ నది సాల్మన్ చేపకు పేరున్నది. అందుకే ప్రభుత్వమే దీన్ని జాతీయ సాల్మన్ ఫియోర్డ్‌గా ప్రకటించింది. దేశపు సముద్ర పరిశోధన సంస్థ కూడా సముద్రంలో పారబోయడం వద్దనే సలహా ఇచ్చింది.

ఇంతకీ రాగి ఇక్కడే ఎందుకుంది? స్కాండినేవియా కొండలు లేచినప్పుడు దూరం నుంచి తోసుకొచ్చిన రాతి పలకలు ఈ నేలను కప్పేశాయి. కోత వల్ల ఒకచోట ఆ కప్పు పోయి, కిందనున్న దాదాపు 200 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళు బయటపడ్డాయి. రాగి ఆ రాళ్ళలోనే ఉంది. వాటి మీద సామీల రెయిన్‌డీర్లు మేస్తాయి, ఈనుతాయి. గని వస్తే సముద్రం మీద బతికేవాళ్ళకీ, మంద మీద బతికేవాళ్ళకీ ఒకేసారి దెబ్బ. సామీ పార్లమెంటు మొదటి నుంచీ వద్దన్నది అందుకే. 2021 వేసవిలో యువ కార్యకర్తలు అక్కడే గుడారాలు వేసుకుని పనులు అడ్డుకున్నారు. ఆ ఆగస్టులోనే, రాగి కొనాల్సిన జర్మన్ కంపెనీ ఔరుబిస్ ఒప్పందం నుంచి తప్పుకుంది.

ఇప్పుడు బరువు కోర్టు వైపు జరిగింది. కేవలం ఆర్థిక లాభం చూపి నీటి నాణ్యతను దిగజార్చడం యూరప్ నీటి చట్టం కింద కుదరదని, ఈయూలో లేని నార్వేలాంటి దేశాలకు ఆ చట్టాలను వివరించే ఎఫ్టా కోర్టు 2025 మార్చిలో అభిప్రాయం చెప్పింది. ఫర్దె తీర్పు దాని మీదే నిలబడింది. ఆ తీర్పు రెప్పర్‌ఫియోర్డ్ పర్మిట్‌ను తనంతట తాను రద్దు చేయదు. కానీ ఈ పర్మిట్‌కూ వర్తించేది అదే చట్టం. మొదటి టన్ను నీళ్ళలో పడకముందే ప్రభుత్వం దాన్ని కొత్తగా తూచి చూడాలి, 1970ల బురద పరీక్షల ఫలితాలను ఎదురుగా పెట్టుకుని.