మానికతో గాలిని కొలిచే యంత్రం

కాజీపేట రైల్వే బ్రిడ్జి ఎక్కుతుండగా మా అంబాసిడర్ దగ్గింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ బండి ముందుకు ఉరకాల్సింది పోయి ఎవరో వెనక నుంచి గుంజినట్టు అయింది. వెనక ఆర్టీసీ బస్సు హారన్ మోత, పక్కన ఆటోవాలా చూపు. తప్పు బండిది కాదు. అంతకు వారం ముందే దానికి పెద్ద కార్బ్యురేటర్, అంటే గాలిలో పెట్రోల్ కలిపి ఇంజన్‌కు అందించే భాగం, పెట్టించింది నేనే.

అది మా బాపు కొన్న బండి. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. ఇంగ్లండ్‌లో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్లు రూపొందించిన ఇంజన్‌నే మన దగ్గర హిందుస్తాన్ మోటార్స్ ఉత్తరపారాలో ఏళ్ల తరబడి తయారు చేసింది. మా బండికున్న సొలెక్స్ రకం కార్బ్యురేటర్‌లో థ్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే రెక్క) తిరిగే ఇరుసు, అంటే స్పిండిల్, అరిగిపోయింది. ఆ సందులోంచి దొంగగాలి పోయి ఐడిలింగ్ (బండి ఆగి ఉన్నా ఇంజన్ మెల్లగా తిరగడం) నిలవడం మానేసింది. ప్రతి సిగ్నల్ దగ్గరా బండి ఆగిపోతుంటే విసుగొచ్చి పాతసామాన్ల దుకాణానికి పోయాను. అక్కడ ఒక జీపు ఇంజన్‌ది కనబడింది. నోరు వెడల్పుగా ఉంది. నోరు పెద్దదైతే గాలి ఎక్కువ పోతుంది, గాలి ఎక్కువైతే పికప్ ఎక్కువ. ఇదీ నా లెక్క. ములుగు రోడ్డులో మా మెకానిక్ ఉస్తాద్ దాన్ని చేతుల్లో అటూ ఇటూ తిప్పి చూసి, "గిది మన బండికి కూసోదు సార్" అన్నాడు. బోల్టులు కలవవని అంటున్నాడేమో అనుకున్నాను. అల్యూమినియం ప్లేటు కోయించి, కొత్తగా రంధ్రాలు వేయించి మరీ కూర్చోబెట్టించాను. ఆయన చెప్పింది బోల్టుల సంగతి కాదని బ్రిడ్జి మీద అర్థమైంది.

ఇంజన్ పెట్రోల్‌ను పీల్చుకుంటుంది అంటాం. నిజానికి అక్కడ పీల్చేదేమీ లేదు, నెట్టేదే ఉంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్‌లో చోటు ఏర్పడి ఒత్తిడి తగ్గుతుంది. బయటి వాతావరణం గాలిని లోపలికి నెడుతుంది. ఆ గాలి దారిలో, కార్బ్యురేటర్ గొంతు దగ్గర, గొట్టం సన్నబడుతుంది. కాలువ ఇరుకైన చోట నీళ్లు జోరందుకున్నట్టే గాలి వేగం పెరుగుతుంది. వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. డేనియల్ బెర్నూలీ 1738లో అచ్చువేసిన సూత్రం ఇదే. ఇటలీ శాస్త్రవేత్త వెంచురి పేరు ఆ సన్నని గొంతుకు పెట్టారు. పక్కనే ఫ్లోట్ చాంబర్‌లో, అంటే మట్టాన్ని అదుపులో ఉంచే తేలుడు బుర్ర (ఫ్లోట్) ఉన్న గిన్నెలో, పెట్రోల్ ఉంటుంది. దాని మీద మామూలు వాతావరణ ఒత్తిడి ఉంటుంది, గొంతులో అంతకన్నా తక్కువ. ఆ తేడాయే పెట్రోల్‌ను జెట్ అనే సన్నని రంధ్రం గుండా నెట్టి గాలిలోకి చిమ్మిస్తుంది. స్ట్రా పెట్టి కొబ్బరినీళ్లు తాగేటప్పుడు జరిగేదీ ఇదే.

ఈ తేడా ఎంతో లెక్కేసి చూస్తే నేను చేసిన పని ఎంత తెలివితక్కువదో తెలుస్తుంది. ఇంజన్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతూ, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉందనుకోండి. సెకనుకు దాదాపు 16 లీటర్ల గాలి లోపలికి పోతుంది. మా పాత సొలెక్స్ గొంతు 24 మిల్లీమీటర్లు. అందులో గాలి సెకనుకు 35 మీటర్ల వేగంతో, అంటే గంటకు 126 కిలోమీటర్లతో దూసుకుపోతుంది. అంత వేగానికి తగ్గే ఒత్తిడి ఎంతో తెలుసా? 7 సెంటీమీటర్ల నీటిమట్టం అంత! గ్లాసులో సగం నీళ్లను స్ట్రాతో లాగేంత బలం కూడా కాదు. నేను పెట్టించిన దాని గొంతు 30 మిల్లీమీటర్లు. అదే 16 లీటర్ల గాలి ఇప్పుడు వెడల్పు దారిలో తీరిగ్గా, సెకనుకు 22 మీటర్లతో నడుస్తుంది. ఒత్తిడి తేడా వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 7 కాస్తా 3 సెంటీమీటర్ల కిందికి పడిపోతుంది. పెట్రోల్ మట్టం నాజిల్ (పెట్రోల్ చిమ్మే మూతి) అంచుకు కొన్ని మిల్లీమీటర్లు కిందే ఉంటుంది. ఉన్న కాస్త బలంలో కొంత అక్కడిదాకా ఎత్తడానికే ఖర్చయితే, చిమ్మడానికి ఏం మిగులుతుంది? తుంపరగా రావాల్సింది చుక్కలుగా కారుతుంది. ఆ గొంతు ఎక్కువ గాలి అడిగే పెద్ద ఇంజన్‌కు కొలిచి చేసింది.

దానికి తోడు తొక్కగానే దగ్గడం. గాలి తేలిక, థ్రాటిల్ తెరిస్తే చాలు ఉరుకుతుంది. పెట్రోల్ దానికన్నా 600 రెట్లకు పైగా బరువు, కదలడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఆ క్షణం లోటు పూడ్చడానికి యాక్సిలరేటర్ పంప్ అని చిన్న పిచికారీ ఒకటి ఉంటుంది. నేను తెచ్చిన దాంట్లో ఆ పంపును నడిపే పలుచని పొర (డయాఫ్రం) ఎండి పగిలిపోయి ఉంది. చూడకుండానే బిగించమన్నాను.

ఇదే చోట బ్రిటిష్ ఎస్‌యూ కార్బ్యురేటర్ గురించి చెప్పకుండా ఉండలేను. పాత అంబాసిడర్లలో కొన్నింటికి అదే వచ్చేది. దాని గొంతు కొలత స్థిరంగా ఉండదు. లోపలి పిస్టన్ గాలి జోరును బట్టి తనే లేచి, తనే దిగి, దారిని వెడల్పు చేస్తూ సన్నం చేస్తూ ఉంటుంది. పిస్టన్‌కు వేలాడే, కొస సన్నబడే సూది కూడా దాంతోపాటే లేచి పెట్రోల్ దారిని తెరుస్తుంది. దాన్ని చేసిన స్కిన్నర్ సోదరుల కుటుంబానిది చెప్పుల వ్యాపారం. అందుకే కాబోలు, వాళ్ల మొదటి కార్బ్యురేటర్లలో పిస్టన్ బదులు తోలు తిత్తి ఉండేది!

సరే, మళ్లీ ఉస్తాద్ దగ్గరికి. ఆయన ఏమీ దెప్పలేదు. జీపుది ఊడదీసి నా చేతిలో పెట్టి, పాత సొలెక్స్‌ను లేత్ మిషన్ వాళ్ల దగ్గరికి పంపాడు. స్పిండిల్ తిరిగే రెండు రంధ్రాలనూ పెద్దవి చేసి ఇత్తడి బుష్‌లు (లోపలి తొడుగులు) కొట్టించాడు. దొంగగాలి ఆగింది. ఫ్లోట్‌ను మరిగే నీళ్లలో ముంచాడు. దాని అంచున ముత్యాల వరుసలా బుడగలు లేచాయి. సన్నని చిల్లు. లోపల చేరిన పెట్రోల్‌తో బరువెక్కి అది సరిగా తేలడం లేదన్నమాట. సీసంతో చిల్లు మూసినప్పుడు కూడా ఆయన చేయి చాలా పొదుపుగా ఆడింది. సీసం ఎక్కువైతే ఫ్లోట్ మళ్లీ బరువెక్కి, పెట్రోల్ మట్టం పైకి పోతుంది. ఇంతా అయ్యాక బండి స్టార్టయింది, ఐడిలింగ్ నిలిచింది. కానీ పొద్దున చలిలో మాత్రం మొండికేస్తూనే ఉంది, తొక్కితే ఇంకా కొంచెం దగ్గుతూనే ఉంది.

ఇక్కడి నుంచి అసలు కథ.

మా నానమ్మ వడ్లను మానికతో కొలిచేది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చిని కాంటా మీద తూస్తారు. మానిక చోటును కొలుస్తుంది, కాంటా బరువును. మంటకు కావలసింది కాంటా లెక్క. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లీటర్ పెట్రోల్‌కు సుమారు 9,500 లీటర్ల గాలి. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో గాలినంతా మూడు లీటర్ల పెట్రోల్ మింగేస్తుంది. అయితే కార్బ్యురేటర్ దగ్గర కాంటా లేదు. దానికి తెలిసింది గొంతులో గాలి జోరు మాత్రమే. అది మానిక మనిషి.

జనవరి పొద్దున 15 డిగ్రీలు, మే మిట్టమధ్యాహ్నం 45 డిగ్రీలు. ఈ రెండు పూటల మధ్య ఒకే చోటులో పట్టే గాలి బరువు 9 శాతం తగ్గుతుంది. వేడికి గాలి పలచబడుతుంది కదా. పలచబడిన గాలి గొంతులో ఒత్తిడిని కూడా తక్కువగా తగ్గిస్తుంది కాబట్టి పెట్రోల్ కూడా తగ్గుతుంది, కానీ 5 శాతమే. అంటే కార్బ్యురేటర్ తన పొరపాటులో సగం తనే దిద్దుకుంటుంది, మిగతా సగం వదిలేస్తుంది. వెరసి ఎండాకాలంలో మిశ్రమం 5 శాతం చిక్కబడుతుంది, అంటే గాలికి పెట్రోల్ ఎక్కువవుతుంది. ఈ మాత్రానికి పాత బండ్లు ఏనాడూ బాధపడలేదు.

బాధ పెట్టేది మానికలో పోసే సరుకే మారిపోవడం. ఇప్పుడు బంకులో పోసేది పెట్రోల్ ఒక్కటే కాదు, అందులో 20 శాతం ఇథనాల్. చెరకు నుంచి, నూకల నుంచి, మన దిక్కు ఊరూరా పండే మక్కల నుంచి కూడా తీస్తున్నారు. ఇథనాల్ అణువులో ఒక ఆక్సిజన్ పరమాణువు ముందే ఉంటుంది. సద్ది కట్టుకొని పెళ్లికి వచ్చిన చుట్టంలాంటిది, మన వంటలో దానికి తక్కువ చాలు. కిలో ఇథనాల్‌కు 9 కిలోల గాలి సరిపోతుంది. 20 శాతం కలిపిన పెట్రోల్‌కు లెక్కగడితే సుమారు 13.5 కిలోలు వస్తుంది. మా బండి జెట్ మాత్రం 14.7 కాలం నాటి కొలతతోనే పోస్తోంది. గాలికి 8 శాతం తక్కువ ఇంధనం. దానికి జనవరి చలిగాలి బరువు తోడైతే మిశ్రమం మరీ పలచనై, పొద్దున మొండికేయక ఏం చేస్తుంది? పైగా ఆవిరయ్యేటప్పుడు ఇథనాల్ తీసుకునే వేడి పెట్రోల్ తీసుకునే దానికి రెట్టింపు పైనే. రంజన్‌లో నీళ్లు చల్లబడే తీరుగానే మేనిఫోల్డ్ (కార్బ్యురేటర్ నుంచి సిలిండర్లకు పోయే గొట్టం) చల్లబడుతుంది, చల్లబడితే పెట్రోల్ సరిగా ఆవిరి కాదు. కొత్త బండ్లలో ఈ బాధ లేదు. పొగగొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ చూసి కంప్యూటర్ సరిచేస్తుంది. అది కాంటా పద్ధతి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చాక కొత్త బైకుల్లో కూడా చాలావాటికి కార్బ్యురేటర్ పోయింది.

ఉస్తాద్‌కు ఈ 13.5లూ 14.7లూ అక్కర్లేదు. మెయిన్ జెట్ విప్పి వెలుతురుకు ఎదురు పట్టాడు. శనగగింజంత ఇత్తడి ముక్క. మధ్యలో సన్నని రంధ్రం, పక్కన 120 అని చెక్కిన అంకె. రంధ్రం వ్యాసం 1.20 మిల్లీమీటర్లని అర్థం. "తీగె ఎయ్యలె కదా సార్ దీంట్ల?" అని అడిగాడు. వేయలేదన్నాను. రాగితీగతో జెట్ శుభ్రం చేసే అలవాటు చాలామందికి ఉంది. ఇత్తడి మెత్తన, పది సార్లు పొడిస్తే గుండ్రని రంధ్రం కోలగా మారి అంకెకు అర్థం లేకుండా పోతుంది. గాలి కొట్టి శుభ్రం చేయడమే పద్ధతి. ఆయన డబ్బాలో వెతికి 125 తీశాడు. నేను ఫోన్‌లో లెక్క చూశాను. రంధ్రం వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 120 నుంచి 125కు పోతే వైశాల్యం ఎనిమిదిన్నర శాతం పెరుగుతుంది. నాకు కావలసింది 8. వ్యాసంలో పెరిగింది 0.05 మిల్లీమీటర్లు, మన తలవెంట్రుక మందం కూడా లేదు. ఆయన చెవితో చేరిన చోటికి నేను కాగితం మీద చేరానని చెప్పాలని ఉండింది, చెప్పలేదు.

ఐడిలింగ్‌కు మెయిన్ జెట్‌తో పనిలేదు, దాని దారి వేరు. చిన్న స్క్రూను లోపలికి తిప్పుతూ పోయాడు. ఇంజన్ తడబడింది. వెనక్కి తిప్పుతూ వచ్చాడు, శబ్దం సాఫీ అయింది. ఇంకా తిప్పితే మళ్లీ బరువెక్కింది. ఆ రెండింటి నడుమ, సాఫీ అయిన చోటికి కొంచెం ఇవతల ఆపాడు. రబ్బరు పెట్రోల్ పైపు కూడా మార్చేశాడు. పాత రకం రబ్బరు ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడుతుంది. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ట్యాంకులో చేరిన నీటిని ఇథనాల్ పట్టుకొని అడుగున వేరే పొరగా దిగుతుంది, ఇంజన్‌కు ముందు అందేది అదే. కాబట్టి వానాకాలంలో వారానికోసారైనా తిప్పమన్నాడు.

ఎండాకాలం సంగతి అడిగాను. ఒకసారి మే నెలలో కరీంనగర్ పోతూ ఎల్కతుర్తి దాటాక బండి ఆగిపోయింది. పైపులోనే పెట్రోల్ మరిగి బుడగలైతే పంపు కొట్టేది పెట్రోల్‌ను కాదు, ఆవిరిని. ఆవిరి నలుగుతుంది గానీ ముందుకు కదలదు. ఆ రోజు తువ్వాల తడిపి పంపు మీద చుట్టి అరగంట చెట్టు కింద కూర్చున్నాం. ఉస్తాద్ ఈసారి కార్బ్యురేటర్ కింద మందమైన బేకలైట్ పలక వేశాడు, మేనిఫోల్డ్ వేడి పైకి ఎక్కకుండా.

డబ్బులిచ్చి వస్తుంటే పాత 120 జెట్‌ను అగ్గిపెట్టెలో పెట్టి డాష్‌బోర్డులో వేశాడు. ఇక దీనితో పనేముంది అన్నాను.

"ఉంచు సార్. గీ చలికాలం పోనియ్యి. ఎండలు ముదిరినంక ప్లగ్గు నల్లగైతుందో లేదో సూసి, అప్పుడు మాట్లాడుదాం."

మిశ్రమం చిక్కబడితేనే ప్లగ్గు నల్లబడేది. మే నెలలో అది 5 శాతం చిక్కబడుతుంది. ఆయనకు ఆ అంకె నేను చెప్పనేలేదు.