టాటూ శిష్యరికం: అపోహలు - వాస్తవాలు

టాటూ నేర్చుకోవాలని వచ్చేవాళ్లలో చాలామందికి మొదటి వారంలోనే మెషీన్ పట్టుకోవాలని ఉంటుంది. ఆ ఆత్రం తప్పు కాదు. కానీ ఈ పనిలో చెయ్యి కదిలేది చర్మం పైన, ఫలితం తేలేది చర్మం లోపల, అదీ నెల గడిచాక. కంటికి కనపడని ఆ భాగాన్ని నేర్పడానికే గురువు, శిష్యరికం.

అపోహ: బొమ్మలు బాగా వేసేవాళ్లకు టాటూ దానంతటదే వచ్చేస్తుంది.

వాస్తవం: బొమ్మలు వేయడం రావాల్సిందే, అందులో రాజీ లేదు. అయితే కాగితం సాగదు, వాయదు, రక్తం కారదు, నొప్పికి ఉలిక్కిపడదు. పైగా చర్మంలో వేసిన గీత ఏళ్లు గడిచేకొద్దీ కాస్త లావెక్కుతుంది. అందుకని గీతకూ గీతకూ మధ్య ఎంత ఖాళీ వదలాలో ముందు తెలియాలి. తెలుగు అక్షరాల దగ్గర ఇది మరీ ముఖ్యం. 'థ' పొట్టలో చుక్క, ఒత్తుల్లో సన్నటి ఒంపులు కాగితం మీద ముచ్చటగా ఉంటాయి. వాటినే గోరంత సైజులో మణికట్టు మీద వేస్తే, కొన్నేళ్లకు చుక్కా దాని చుట్టూ ఉన్న గీతా కలిసిపోయి నల్ల మచ్చ మిగులుతుంది. శిష్యుడు రోజూ సాధన చేయాల్సినవి పొడవాటి గీతలు, వలయాలు: వేళ్లతో గీకకుండా చెయ్యంతా కదిలిస్తూ, ఒక్క ఊపులో, మొదలు నుంచి చివరిదాకా ఒకే మందంతో.

అపోహ: మొదటి నెలల్లో తుడిపించడం, కడిగించడం వట్టి చాకిరీ.

వాస్తవం: హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తంలో కనీసం 7 రోజులు సజీవంగా ఉంటుంది. ఆ మరక కంటికి కనిపించాలని కూడా లేదు. బల్ల తుడవడం పాఠమయ్యేది అందుకే. క్రిమిసంహారక ద్రావణం చల్లాక సీసా మీద రాసి ఉన్నంతసేపు బల్ల తడిగా ఉండాలి. చల్లి వెంటనే తుడిచేస్తే చల్లనట్టే. మెషీన్, దాని వైరు, స్ప్రే బాటిల్, లైటు పిడి, ఇలా పని మధ్యలో చెయ్యి తగిలే ప్రతిదానికీ ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. ఇంక్ క్యాప్‌లో (పనికి కాస్త రంగు పోసుకునే బుల్లి గిన్నెలో) మిగిలింది పారబోయాలే తప్ప తిరిగి సీసాలో పోయకూడదు. అందరూ దొరికిపోయే చోటు ఒకటుంది. సగం పనిలో ఇంకో రంగు కావాల్సి వస్తుంది, అవే గ్లవ్స్‌తో డ్రాయర్ లాగుతారు. ఆ పిడిని మర్నాడు ఇంకొకరు ఉత్త చేత్తో పట్టుకుంటారు.

మళ్లీ వాడే స్టీలు గ్రిప్‌లు (మెషీన్ పిడులు) ఉన్నచోట ఇంకో పొరపాటు జరుగుతుంది. అల్ట్రాసోనిక్ క్లీనర్ మురికిని వదిలిస్తుంది, అంతవరకే. ఆ తర్వాత ప్యాకెట్‌లో పెట్టి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరిలో 30 నిమిషాలు ఉంచాలి. ప్యాకెట్ మీద గుర్తు రంగు మారిందంటే వేడి తగిలిందని మాత్రమే తెలుస్తుంది. ఆటోక్లేవ్ నిజంగా క్రిములను చంపుతోందో లేదో తేల్చేది స్పోర్ టెస్ట్, అంటే మొండి క్రిముల బీజాలను లోపల పెట్టి అవి చచ్చాయో లేదో చూసే పరీక్ష.

ఇంక్ పలుచన చేయడం కూడా చిన్న విషయం కాదు. 2011 చివర్లో అమెరికాలోని రాచెస్టర్‌లో టాటూ వేయించుకున్న 19 మందికి మానని దద్దుర్లు వచ్చాయి. వాళ్లలో 14 మందికి మైకోబాక్టీరియం చెలోనే అనే బాక్టీరియా ఇన్ఫెక్షన్ అని నిర్ధారణ అయింది. కారణం, తయారైన చోటే పలుచన చేసి పంపిన గ్రే ఇంక్. కుళాయి నీళ్లే కాదు, డిస్టిల్డ్ వాటర్ కూడా పనికిరాదు. స్టెరైల్ అని రాసి ఉన్న నీళ్లే వాడాలి.

హెపటైటిస్ బి టీకా సాధారణంగా 3 డోసులు: మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. పూర్తవడానికి అర్ధ సంవత్సరం పడుతుంది కాబట్టి చేరిన రోజే మొదలుపెట్టండి.

ఒకటి మాత్రం చెప్పాలి. ఏడాది గడిచినా ఊడవడం తప్ప ఇంకేమీ ఇవ్వకుండా, అది ఎందుకు చేయిస్తున్నారో కూడా చెప్పని చోట నేర్చుకునేది ఏమీ ఉండదు. అక్కడి నుంచి వచ్చేయండి.

అపోహ: లోతుగా గుచ్చితేనే రంగు నిలుస్తుంది.

వాస్తవం: ఈ ఒక్క మాట పాడుచేసినన్ని చర్మాలు ఇంకేదీ పాడుచేసి ఉండదు. చర్మం పై పొర చాలాచోట్ల 0.1 మిల్లీమీటర్ మందమే. అది సుమారు నెలకోసారి రాలి కొత్తది వస్తుంది, అందులో ఆగిన రంగు దానితోపాటే పోతుంది. రంగు చేరాల్సింది దాని కింద ఉండే డెర్మిస్‌లోకి. అక్కడ మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు రంగు రేణువులను మింగి పట్టుకుంటాయి. ఒక కణం చనిపోయి రంగును వదిలితే పక్కనున్నది అందుకుంటుంది. టాటూ ఏళ్ల తరబడి నిలిచేది ఇలాగే. ఇందుకు సూది 1 నుంచి 2 మిల్లీమీటర్లు దిగితే చాలు.

అంతకన్నా కిందికి వెళ్తే కొవ్వు పొర. అక్కడ రంగు ఒకచోట ఆగదు, పక్కలకు పాకుతుంది. గీత చుట్టూ నీలంగా, మసకగా నీడ పడుతుంది. దీన్నే బ్లోఅవుట్ అంటాం. మణికట్టు, చీలమండ, మోచేతి లోపలివైపు లాంటి పల్చటి చోట్ల ఇది ఇట్టే జరుగుతుంది.

కొత్తవాళ్లు ఎందుకు నొక్కుతారో గమనిస్తే విషయం అర్థమవుతుంది. చర్మాన్ని మూడు వైపులకు సాగదీయాలి: ఖాళీ చేతి బొటనవేలు ఒకవైపు, చూపుడువేలు ఇంకోవైపు, మెషీన్ పట్టుకున్న చేతి అంచు మూడోవైపు. పట్టు వదులైతే సూది సాఫీగా దిగకుండా చర్మాన్ని ముందుకు తోస్తుంది. గీత వణుకుతుంది, రంగు అక్కడక్కడా తప్పుతుంది. సరిచేయాల్సింది పట్టు. శిష్యుడు మాత్రం రంగు ఎక్కట్లేదనుకుని చెయ్యి బరువు పెంచుతాడు. సూది మరీ వాలినా ఇదే నష్టం, నీడ ఒకవైపే పడుతుంది. మెషీన్ జోరుగా తిరుగుతూ చెయ్యి నెమ్మదిగా కదిలితే ఒకేచోట పోట్లు ఎక్కువై చర్మం చితుకుతుంది. చెయ్యి పరిగెడితే గీత చుక్కలు చుక్కలుగా వస్తుంది. చర్మం పచ్చిగా మారి, నూగులా లేచిందంటే ఆ చోటును వదిలేయాలి. 4 నుంచి 6 వారాలు మానాకే టచప్.

అపోహ: ఖరీదైన మెషీన్ కొంటే గీత చక్కగా వస్తుంది.

వాస్తవం: మెషీన్ ధర కన్నా దాని లెక్కలు తెలియడం ముఖ్యం. స్ట్రోక్ 4 మిల్లీమీటర్లంటే సూది అంత లోతు దిగుతుందని కాదు, ముందుకూ వెనక్కూ అంత దూరం కదులుతుందని. లైనింగ్‌కు 3.5 నుంచి 4, మెత్తటి షేడింగ్‌కు 2.5 నుంచి 3 సాధారణం. సూదుల ప్యాకెట్ మీద 1207 ఆర్‌ఎల్ అని ఉంటే 0.35 మిల్లీమీటర్ల మందమున్న 7 సూదులు గుండ్రంగా కట్టిన లైనర్ అని. మొదటి రెండంకెలు మందాన్ని చెబుతాయి: 12 బదులు 10 ఉంటే 0.30, 08 ఉంటే 0.25.

అపోహ: ప్రాక్టీస్ స్కిన్ మీద వస్తే మనిషి మీద వచ్చినట్టే.

వాస్తవం: సిలికాన్ చర్మం మెషీన్ బరువుకు చెయ్యి అలవాటు కావడానికి, స్టెన్సిల్ (ముందుగా చర్మం మీద అంటించి దింపే బొమ్మ అచ్చు) గీతను వెంటాడటానికి పనికొస్తుంది. సాగదీయడం మాత్రం నేర్పదు, అసలు కష్టమంతా అందులోనే ఉంది. అక్కడ కూడా నిజం పనిలాగే క్రమం పాటించండి. స్టెన్సిల్ జెల్ పల్చగా రాయాలి, ఎక్కువైతే గీతలు అలుక్కుపోతాయి. అంటించి తీశాక 10 నుంచి 15 నిమిషాలు ఆరనివ్వాలి. కుడిచేతివాటం వాళ్లు కింద కుడి మూల నుంచి మొదలుపెట్టాలి, లేకపోతే తుడిచినప్పుడల్లా ఇంకా వేయని గీతలు చెరిగిపోతాయి. తుడవడమంటే రుద్దడం కాదు, అద్దడం.

అపోహ: అడిగిన వాళ్లందరికీ వేయడమే పని.

వాస్తవం: వద్దని చెప్పడం కూడా శిష్యరికంలో భాగమే. పుట్టుమచ్చ మీద వేయకూడదు, రేపు దాని రంగో ఆకారమో మారితే డాక్టర్‌కు కనపడదు. మచ్చలు గడ్డకట్టి పెరిగే తత్వం ఉందేమో, రక్తం పల్చబడే మందులు వాడుతున్నారేమో ముందే అడగాలి. మధ్యలో ముఖం పాలిపోయి చెమటలు పడితే సూది తీసేసి, పడుకోబెట్టి, కాళ్లు ఎత్తిపెట్టాలి.

అపోహ: వారం కోర్సు, సర్టిఫికెట్ చాలు.

వాస్తవం: సాధారణంగా ఏడాది నుంచి మూడేళ్లు పడుతుంది. ఎవరి దగ్గరైనా చేరేముందు మూడు అడగండి: మానిన టాటూల ఫోటోలు, స్పోర్ టెస్ట్ రికార్డు, ఇంతకుముందు నేర్చుకున్నవాళ్ల పని. అప్పుడే వేసిన టాటూ ఎవరిదైనా బాగానే ఉంటుంది.

మనిషి మీద మొదటిసారి వేసేటప్పుడు పిక్క లాంటి స్థిరమైన చోటు ఎంచుకోండి. కొద్ది గీతలున్న చిన్న బొమ్మ చాలు, గురువు పక్కనే ఉండాలి. ఆరు వారాల తర్వాత ఆ మనిషిని మళ్లీ పిలిచి, వెలుతురులో కూర్చోబెట్టి, ఏ గీత ఎక్కడ పల్చబడిందో ఎక్కడ నీడ పడిందో గురువుతో కలిసి ఒక్కొక్కటిగా చూడండి.