లారీ హాలియాలోనే ఉంది, తేదీ మాత్రం 2005

హాలియా నుంచి మిర్యాలగూడ మిల్లుకు యాసంగి వడ్లతో ఓ లారీ 2025 ఏప్రిల్ 7న బయల్దేరిందనుకుందాం. దానిలో తేదీ తప్పే రకం పాత జీపీఎస్ ట్రాకర్ ఉంటే, ఆ ట్రిప్పు 2005 ఆగస్టు 22 కింద నమోదవుతుంది. దారి సరిగ్గానే ఉంటుంది, సోమవారం కూడా మారదు. ఓనరు ఏప్రిల్ 7 రిపోర్టు తెరిస్తే మాత్రం ఖాళీ. ఇక డ్రైవర్ వైరు పీకేశాడని అనుమానం, బత్తా దగ్గర పంచాయితీ. చేయని తప్పుకు డ్రైవర్ మాట పడాల్సి రావడం అన్యాయం.

తప్పు ఎక్కడుందో తెలియాలంటే జీపీఎస్‌ను రూపొందించిన 1970లకు వెళ్లాలి. ఉపగ్రహం మనలాగా తేదీ చెప్పదు. 1980 జనవరి 6 నుంచి లెక్కేసి ఇది ఎన్నో వారం, ఆ వారంలో ఎన్నో సెకను అన్నదే చెబుతుంది. ఆ సందేశం వచ్చే వేగం సెకనుకు 50 బిట్లే (బిట్ అంటే ఒక 0 లేదా 1) కాబట్టి ప్రతి బిట్‌నూ పొదుపుగా వాడారు. వారం నంబరుకు 10 బిట్లే దక్కాయి. అందులో 0 నుంచి 1023 వరకే పడతాయి. ఆ తర్వాత లారీ మీటరు తొమ్మిదులన్నీ దాటినట్టు మళ్లీ సున్నా. 1024 వారాలంటే 7168 రోజులు, ఇరవై ఏళ్లకు కాస్త తక్కువ. తగ్గేది పూర్తి వారాలే కనుక సోమవారం లాంటి రోజు పేరు చెక్కుచెదరదు. లారీ ఎక్కడుందో తేల్చడానికి సిగ్నల్ ప్రయాణ సమయం చాలు, ఏ సంవత్సరమో అక్కర్లేదు. అందుకే మ్యాప్ నమ్మకంగా కనిపిస్తుంది.

మొదటిసారి 1999 ఆగస్టు 22న, మన టైం ప్రకారం ఉదయం ఐదున్నరకు కొన్ని సెకన్ల ముందు లెక్క సున్నాకు వచ్చింది. రెండోసారి 2019 ఏప్రిల్ 7న. అప్పుడు న్యూయార్క్ నగరపాలన సొంత వైర్‌లెస్ నెట్‌వర్కే రోజుల తరబడి పడిపోయింది. మన దేశపు సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ కూడా 1999 ఆగస్టు 22 నుంచి, 10 బిట్లతోనే లెక్కిస్తుంది. రెండింటికీ తర్వాతి వంతు 2038 నవంబర్ 21.

మరి మధ్యలో 2025లో తేదీ ఎందుకు తప్పుతుంది? అసలు చిక్కు ఇక్కడే. చాలా కంపెనీలు ట్రాకర్ లోపలి ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్ రాసిన వారాన్ని ఆధారంగా పెట్టుకున్నాయి. వచ్చిన నంబరు దానికంటే చిన్నదైతే తర్వాతి చుట్టుగా లెక్కేస్తారు. ఆ ఉపాయం సరిగ్గా 1024 వారాలే పనిచేస్తుంది. అంటే ప్రతి డబ్బాకూ దాని సొంత గడువు ఉంటుంది, కొన్నవారికి ఎవరూ చెప్పరు. 2005 రెండో సగంలో రాసిన ఫర్మ్‌వేర్ అయితే 2025లో దెబ్బతింటుంది. డబ్బా కొత్తదైనా లోపలి ఫర్మ్‌వేర్ పాతదైతే అంతే.

కొత్త సిగ్నళ్లలో వారానికి 13 బిట్లు ఇచ్చారు, దాదాపు 157 ఏళ్లకు సరిపోతాయి. చవక ట్రాకర్లు మాత్రం ఎక్కువగా పాత సిగ్నల్‌నే చదువుతాయి. కాబట్టి అమ్మేవాళ్లే గడువు తేదీ బిల్లు మీద రాసివ్వాలి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసే బాధ్యతా తీసుకోవాలి. ఈలోగా ట్రిప్పు కనిపించకపోతే, బత్తా కోసే ముందు కాంటా చీటీ మీది తేదీ నుంచి 7168 రోజులు వెనక్కి లెక్కేసి ఆ రోజు రిపోర్టు తెరవండి. సర్వర్ పాత తేదీలను కొట్టేయకుండా ఉంటే, హాలియా నుంచి మిల్లు గేటు దాకా దారంతా అక్కడే దొరుకుతుంది.