లీటరు నూనె కిలో ఎందుకు తూగదు?

కిరాణా కొట్లో "కిలో నూనె ప్యాకెట్ ఇవ్వండి" అంటే చాలాచోట్ల లీటరు ప్యాకెట్ తీసి చేతిలో పెడతారు. మనమూ మాట్లాడకుండా సంచిలో వేసుకుంటాం. ఇంటికొచ్చాక ప్యాకెట్ తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో 1 లీ. అనీ, దాని పక్కనే 910 గ్రా. అనీ ఉంటుంది. ఆ తొంభై గ్రాములు ఎవరూ కొట్టేయలేదు. నూనె నీళ్లకంటే తేలిక, అంతే. పులుసు మీద నూనె తేలేదీ అందుకే.

ప్యాకెట్ దగ్గర పట్టించుకోకపోయినా డబ్బా దగ్గర మాత్రం చూసుకోవాల్సిందే. బజార్లో 15 కిలోల డబ్బా, 15 లీటర్ల డబ్బా రెండూ దొరుకుతాయి, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండోదాంట్లో ఉండే నూనె 13.65 కిలోలే. అంటే దాదాపు లీటరున్నర తక్కువ. పెళ్లికి సరుకులు రాయించేటప్పుడు ధర ఒక్కటే అడిగి వచ్చేస్తే ఆ లీటరున్నర డబ్బులు పోయినట్టే.

లీటరు అంటే నిజానికి కొంత చోటు. పొడవు, వెడల్పు, ఎత్తు తలా 10 సెంటీమీటర్లు ఉన్న పెట్టెలో పట్టేంత చోటు. 1795లో ఫ్రాన్స్‌లో మెట్రిక్ కొలతలు తెచ్చినప్పుడు పెట్టిన లెక్క ఇది. ఆ చోటులో నూనె పోశారా, పాలు పోశారా, అది చల్లగా ఉందా, వేడిగా ఉందా అన్నది లీటరుకు సంబంధం లేని విషయం. మనం డబ్బులిచ్చేది మాత్రం సరుకుకి. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ చిక్కులో మామూలు జనమే కాదు, కొలతల నిపుణులూ పడ్డారు. పెట్టె కొలతలు కచ్చితంగా తీయడంకంటే నీళ్లు తూచడం తేలికని 1901లో అంతర్జాతీయ కొలతల మహాసభ లీటరు అర్థాన్నే మార్చేసింది. నీటి సాంద్రత అత్యధికంగా ఉండే వేడిలో, అంటే సుమారు 4 డిగ్రీల దగ్గర, ఒక కిలో శుద్ధమైన నీరు ఎంత చోటు తీసుకుంటే అదే లీటరు అంది. తీరా చూస్తే, కిలో అంటే ఇదీ అని ప్రపంచానికంతటికీ నమూనాగా పారిస్ దగ్గర భద్రపరిచిన తూకపు దిమ్మే అనుకున్నదానికంటే రవ్వంత బరువు. దాంతో కొత్త లీటరు పాత పెట్టెకంటే 0.028 మిల్లీలీటర్లు పెద్దదైంది. అది బొట్టులో సగం ఉంటుందేమో! అయినా ప్రయోగశాలల్లో ఆ సగం బొట్టు అరవై ఏళ్లకు పైగా చికాకు పెట్టింది. చివరికి 1964లో ఆ నిర్వచనాన్ని రద్దుచేసి మళ్లీ పాత పెట్టెకే వచ్చారు. బాగా కచ్చితమైన లెక్కల్లో లీటరు పేరు వాడకపోవడమే మంచిదని సలహా కూడా ఇచ్చారు.

వేడి సంగతి ఇంకా ఆసక్తికరం. ద్రవాలు వేడెక్కితే వ్యాకోచిస్తాయి, కాబట్టి అదే లీటరు చోటులో తక్కువ సరుకు పడుతుంది. లీటరు సోయాబీన్ నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 893 గ్రాములే తూగుతుంది. మన దేశంలో కొన్ని కంపెనీలు ప్యాకెట్ మీద లీటరు పక్కన "60 డిగ్రీల వద్ద" అని ముద్రించేవి, అంటే అంత వేడిచేస్తేనే అది లీటరవుతుంది. మన వంటింట్లో నూనె సీసా 60 డిగ్రీల్లో ఎప్పుడుంటుంది? మే నెలలో కూడా ఉండదు! రాసింది అబద్ధం కాదు గానీ, కొనేవాడికి మాత్రం పాతిక గ్రాములు పోతాయి. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ డిగ్రీల మాట తీసేయమని, లీటర్లతో పాటు బరువూ సరిగ్గా చూపించమని ఆదేశించింది. సరిచేసుకోవడానికి 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది.

పాలు నూనెకు ఎదురు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. నీళ్లు కలిపితే ఆ అంకె దిగుతుంది, లాక్టోమీటరు పట్టుకునేది దాన్నే. ఐస్‌క్రీమ్ డబ్బా మీద గ్రాములు కాక మిల్లీలీటర్లు ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? గాలి పట్టేలా గిలకొట్టి గడ్డకట్టిస్తారు కాబట్టి. మన ఆహార ప్రమాణాల ప్రకారం లీటరు ఐస్‌క్రీమ్ కనీసం 525 గ్రాములు తూగితే చాలు. అంటే సగం డబ్బా గాలి. ఆ గాలి లేకపోతే చెంచా కూడా దిగదు కాబట్టి తిట్టుకోనక్కర్లేదు, ధరలు పోల్చేటప్పుడు మాత్రం గుర్తుంచుకోవాలి. అన్నిటికంటే వింత ఆల్కహాలుది: అర లీటరు నీళ్లలో అర లీటరు ఆల్కహాలు కలిపితే లీటరు కాదు, 965 మిల్లీలీటర్ల దరిదాపుల్లో ఆగిపోతుంది. అణువులు ఒకదాని సందుల్లో ఒకటి సర్దుకుంటాయి. బరువులో మాత్రం ఏమీ తగ్గదు.

ఇక పెట్రోల్. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే ఎక్కువ వస్తుందని వాట్సాప్‌లో ఏటా వేసవికి ఒక సందేశం తిరుగుతుంది. సూత్రం నిజమే, ఒక్కో డిగ్రీకి పెట్రోల్ సుమారు 0.1 శాతం వ్యాకోచిస్తుంది. కానీ బంకులో ట్యాంకులు భూమి లోపల ఉంటాయి, పగలుకీ రాత్రికీ అక్కడ వేడి పెద్దగా మారదు. రెండు డిగ్రీలు మారిందనే అనుకుందాం. పది లీటర్లకు తేడా 20 మిల్లీలీటర్లు, రెండు మూడు రూపాయలు. అందుకోసం నిద్ర చెడగొట్టుకోవడం దండగ.

దానికంటే పంపు సరిగ్గా కొలుస్తోందా అన్నది ముఖ్యం. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలత పాత్ర ఉండాలి. అనుమానం వచ్చినవాళ్లు అడిగితే అందులో కొట్టి చూపించాలి. ఆ పాత్ర మెడ సన్నగా ఉంటుంది, కాబట్టి కొద్ది మిల్లీలీటర్ల తేడా వచ్చినా మట్టం పైకో కిందకో జరిగి కంటికి కనిపిస్తుంది. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడా ఉండొచ్చు, అది దాటితే పంపు ఆపించి ఫిర్యాదు చేయొచ్చు. వెనక లైన్లో ఉన్నవాళ్లు కాస్త విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.