మెల్‌బోర్న్ వెళ్లే కుక్కకి ఆరు నెలలు ఎందుకు?

ఆస్ట్రేలియాకి పీఆర్ వచ్చిందంటే ఇంట్లో హడావుడి మామూలుగా ఉండదు. ఫ్లాటు అద్దెకివ్వాలి, కారు అమ్మాలి, పిల్లల టీసీలు తీసుకోవాలి, ఆవకాయ ఏ పెట్టెలో పెట్టాలో తేల్చుకోవాలి. అన్నీ ఓ కొలిక్కి వచ్చాక ఎవరో ఒకరు అడుగుతారు: మరి బ్రూనో సంగతేంటి?

బ్రూనోని హైదరాబాద్ నుంచి నేరుగా తీసుకెళ్లడం కుదరదు. కుక్కలూ పిల్లులూ నేరుగా రావచ్చని ఆస్ట్రేలియా ఒప్పుకున్న దేశాల జాబితాలో ఇండియా లేదు. ముందు దుబాయ్ లాంటి, జాబితాలో ఉన్న చోటికి పంపి, అక్కడ తతంగం పూర్తి చేసుకుని వెళ్లాలి. మైక్రోచిప్ వేయించాలి. రేబిస్ టీకా వేయించాలి. ఆ టీకా పట్టిందో లేదో తెలియడానికి రక్తపరీక్ష చేయించాలి. రక్తం ల్యాబుకి చేరిన రోజు నుంచి 180 రోజులు ఆగాలి. ఇవన్నీ దాటి విమానం దిగాక మెల్‌బోర్న్ శివార్లలోని మికెల్‌హామ్‌లో తక్కువలో తక్కువ 10 రోజుల క్వారంటైన్. ఖర్చు లక్షల్లో తేలుతుంది. కొన్ని ఇళ్లలో బ్రూనో అమ్మమ్మగారింట్లోనే ఉండిపోతుంది.

టీకా వేయించాం, రక్తంలో రోగనిరోధక శక్తి సరిపోయినంత ఉందని రిపోర్టూ వచ్చింది, ఇంకా 180 రోజులు దేనికి? చాలామందికి మింగుడుపడనిది ఇదే. రేబిస్ వైరస్ కరిచిన చోటి నుంచి నరాల వెంట నెమ్మదిగా మెదడు వైపు పాకుతుంది. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఈలోగా కుక్క తింటుంది, ఆడుతుంది, తోకాడిస్తుంది. లోపల వైరస్ ఉందో లేదో బతికున్న కుక్కని చూసి ఖాయంగా చెప్పే పరీక్ష లేదు. చనిపోయాక మెదడు తీసి చూస్తేనే తేలుతుంది. టీకాకి ముందే ఏ పిచ్చికుక్కో కరిచి ఉంటే, మంచి రిపోర్టు వచ్చాక కూడా జబ్బు బయటపడే ప్రమాదం ఉంది. అంచేత ఉన్నది ఒకటే దారి: ఆగి చూడటం. ఆస్ట్రేలియా రూల్స్ చరిత్రంతా ఈ ఆగడం ఎక్కడ జరగాలన్న దాని చుట్టూనే తిరిగిందని నాకనిపిస్తుంది.

మొదట్లో ఆ పని సముద్రమే చేసింది. ఇంగ్లండ్ నుంచి ఖైదీలతో బయల్దేరిన తొలి ఓడల బృందం 1787 మే నెలలో లంగరెత్తితే 1788 జనవరికి గాని బోటనీ బే చేరలేదు. ఎనిమిది నెలలు. ఓడల్లో గొర్రెలు, పందులు, కోళ్లతో పాటు కుక్కలూ ఉన్నాయి. పిచ్చి సోకిన కుక్క ఏదైనా ఎక్కి ఉంటే ఒడ్డు చేరేలోపే దాని కథ ముగిసేది. ఎవరూ చట్టం రాయకుండానే దక్కిన క్వారంటైన్ అది. అంతకు మూడు నాలుగు వేల ఏళ్ల ముందు నావికుల వెంట వచ్చి డింగోలుగా మారిన కుక్కలు కూడా రేబిస్ తేలేదు.

ఓడల వేగం పెరిగే కొద్దీ ఆ రక్షణ పలచబడింది. 1858లో ఇంగ్లండ్ నుంచి మెల్‌బోర్న్‌కి దిగిన పశువులు అంటు ఊపిరితిత్తుల జబ్బుని మోసుకొచ్చాయి. అది దేశం నుంచి పూర్తిగా పోయిందని ప్రకటించడానికి 1973 దాకా పట్టింది. 1867లో టాస్మానియాలోని హోబార్ట్‌లో కొన్ని కుక్కలకి రేబిస్ వచ్చింది, ఒక చిన్నారి ప్రాణం పోయింది. అక్కడితో అదుపులోకి రావడం ఆ దేశం అదృష్టం. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక యూరప్ ఇంకా దగ్గరైంది.

జబ్బు సంగతి అలా ఉంటే, జంతువులే బెడదగా మారిన కథ మరొకటి. 1859లో విక్టోరియాలో థామస్ ఆస్టిన్ అనే ఆసామి వేట సరదాకి ఇంగ్లండ్ నుంచి రెండు డజన్ల కుందేళ్లు తెప్పించుకున్నాడు. ఆ తర్వాతి యాభై ఏళ్లలో అవి ఖండమంతా పాకాయి. వాటిని ఆపడానికి పశ్చిమ ఆస్ట్రేలియాలో 1901 నుంచి 1907 దాకా కట్టిన కంచెల్లో మొదటిదాని పొడవే 1,800 కిలోమీటర్ల పైన. ఆస్టిన్ కుందేళ్లు దిగిన మరుసటి ఏడాది, అంటే 1860లో, లోతట్టు యాత్ర కోసం మన కరాచీ రేవు నుంచి 24 ఒంటెల్ని తెచ్చారు (కరాచీ అప్పుడు మనదే మరి). అలా దిగిన ఒంటెల సంతతి ఇప్పటికీ ఎడారిలో మందలుగా తిరుగుతోంది. క్వీన్స్‌లాండ్‌లో ఈ రోజుకీ కుందేలుని పెంచుకోవడం నేరం. ఇంద్రజాలికులు మాత్రం పర్మిట్ తీసుకోవచ్చు, టోపీలోంచి తీయాలి కదా!

ఇన్ని దెబ్బలు తిన్నాక 1908లో క్వారంటైన్ చట్టం వచ్చింది. ఓడ ప్రయాణం ఇవ్వలేని ఆ నెలల్ని చట్టం బోనులో పెట్టి ఇప్పించింది. కుక్క వస్తే ప్రభుత్వ క్వారంటైన్ స్టేషన్‌లో నెలల తరబడి ఉండాలి, లేదా అసలు రాకూడదు. బ్రిటన్ కూడా ద్వీపమే, అక్కడా ఆరు నెలల నిర్బంధమే. రేబిస్‌ని 1902 నాటికి ఊడ్చిపారేసిన బ్రిటన్‌కి, మొదటి ప్రపంచ యుద్ధం చివర సైనికులు దాచి తెచ్చుకున్న కుక్కల వల్ల 1918లో అది మళ్లీ తగులుకుంది. వదిలించుకోవడానికి 1922 దాకా పట్టింది. సైనికుడి సంచీలో కుక్కపిల్ల అంటే అధికారులకి గుండె జారిపోవడానికి కారణం ఇదే.

అలాంటి సంచీయే ఆస్ట్రేలియాకీ వచ్చింది. 1941లో ఈజిప్టు ఎడారిలో జిమ్ మూడీ అనే ఆస్ట్రేలియా సైనికుడికి ఓ బుజ్జి తెల్ల కుక్కపిల్ల దొరికింది. హోరీ అని పేరు పెట్టాడు. గ్రీస్, క్రీట్, పాలస్తీనా, సిరియా, ఎక్కడికి వెళితే అక్కడికి వెంట తిప్పుకున్నాడు. శత్రు విమానాల చప్పుడు మనుషుల కన్నా ముందే పసిగట్టి మొరిగేదట. 1942లో దళం స్వదేశానికి తిరిగొచ్చేటప్పుడు హోరీ కూడా మూడీ వీపు సంచీలో దాక్కుని వచ్చేసింది. మూడేళ్లు ఎవరికీ తెలియలేదు. 1945లో విరాళాల సేకరణకి దాన్ని జనం ముందు చూపించబోయేసరికి విషయం క్వారంటైన్ అధికారుల చెవిన పడింది. అప్పగించమని ఉత్తర్వు వచ్చింది. మార్చి 12న కాల్చి చంపారు. పత్రికల నిండా జనం కోపమే.

తర్వాత ఇంకో మాట పుట్టింది: మూడీ అప్పగించింది హోరీని కాదు, అయిదు షిల్లింగులకి కొన్న పోలికున్న వీధికుక్కని అని. విక్టోరియాలోని కొరియాంగ్ ఊళ్లో హోరీకి విగ్రహం కూడా పెట్టారు. ఆ ఉత్తర్వుని చదివినప్పుడు నాకు ఎవరి పక్షాన నిలబడాలో తెలియదు. మూడేళ్లుగా పిచ్చి లక్షణమే చూపని కుక్క రేబిస్ తెస్తుందని అధికారులు మాత్రం ఎలా నమ్మారు? రోగాన్ని కాక, తర్వాతి సైనికుడి సంచీని దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన శిక్షలా ఉంటుంది అది.

గుర్రాల విషయంలోనూ బోను అంతే బిగువుగా ఉండేది. 1956 ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌లో జరిగితే గుర్రపు పోటీలు మాత్రం స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో పెట్టాల్సి వచ్చింది. విదేశీ గుర్రాల కోసం క్వారంటైన్ రూల్ సడలించడానికి ప్రభుత్వం ససేమిరా అంది. ఒక ఒలింపిక్స్‌ని రెండు ఖండాల్లో జరిపించిన రూల్ అది.

బోనుకి తాళం ఎంత గట్టిదైనా, తాళంచెవి పట్టుకు తిరిగేది మనుషులే. 2007 ఆగస్టులో జపాన్ నుంచి వచ్చిన పందెపు జాతి గుర్రాలు సిడ్నీ దగ్గర ఈస్టర్న్ క్రీక్ క్వారంటైన్ స్టేషన్‌లో ఉన్నాయి. వాటిలో గుర్రపు ఫ్లూ ఉంది. అప్పటిదాకా ఆస్ట్రేలియా ఎరుగని జబ్బు. కొద్దిరోజుల్లోనే నగరం నడిబొడ్డున సెంటెనియల్ పార్కులో స్వారీ గుర్రాలు దగ్గడం మొదలుపెట్టాయి. దేశమంతా గుర్రాల్ని ఎక్కడివక్కడ ఆపేశారు, సిడ్నీ పందేలు రద్దయ్యాయి. ఏడాది ముగిసేలోపు అదుపు చేశారుగాని, వేల ఫారాలకి పాకింది. విచారణ జరిపిన మాజీ హైకోర్టు జడ్జి ఇయాన్ కాలినన్ (అక్కడ అత్యున్నత న్యాయస్థానం పేరే హైకోర్టు) తేల్చింది ఏమిటంటే, స్టేషన్‌లో పనికి వచ్చిపోయే మనుషుల ద్వారానో వాళ్ల పరికరాల ద్వారానో వైరస్ బయటికి వచ్చి ఉండాలి. గుర్రం దగ్గర పని ముగించాక స్నానం చేసి బట్టలు మార్చుకుని వెళ్లాలన్న మామూలు నియమాన్నే సరిగ్గా పాటించలేదు.

ఆ తర్వాత వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్న పాత స్టేషన్లని మూసేస్తూ, 2015లో మికెల్‌హామ్‌లో 144 హెక్టార్లలో ఒకే కేంద్రం తెరిచారు. కుక్కలు, గుర్రాలు, తేనెటీగలు, మొక్కలు, అన్నీ అక్కడికే. అందుకే పెర్త్‌లో ఉండే మనవాళ్ల కుక్క కూడా మెల్‌బోర్న్‌లోనే దిగాలి.

సరిగ్గా అదే ఏడాది, సముద్రపు దొంగ వేషంతో ప్రపంచానికి తెలిసిన జానీ డెప్ దంపతులు సొంత విమానంలో రెండు చిన్న కుక్కల్ని చెప్పకుండా దించేశారు. గోల్డ్ కోస్ట్‌లో కుక్కల సెలూన్ వాళ్లు ముచ్చటపడి ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టడంతో గుట్టు రట్టయింది. యాభై గంటల్లో వెనక్కి పంపకపోతే చంపేస్తామని వ్యవసాయ మంత్రి బార్నబీ జాయిస్ హెచ్చరించారు. కుక్కలు క్షేమంగా అమెరికా వెళ్లిపోయాయి. 2016లో డెప్ భార్య ఆంబర్ హెర్డ్ ప్రయాణ పత్రంలో తప్పు రాసినట్టు కోర్టులో ఒప్పుకుంటే, నెల రోజుల సత్ప్రవర్తన బాండుతో వదిలేశారు. హోరీకి సొంత విమానం లేకపోయింది, అంతే తేడా.

ఈ మధ్యలో బోనులో నెలల తరబడి ఉంచే పద్ధతి పోయింది. టీకా బలాన్ని కొలిచే రక్తపరీక్షలు నమ్మకంగా రావడంతో బ్రిటన్ 2000లో ఆరు నెలల నిర్బంధాన్ని సడలించింది. ఆస్ట్రేలియా కూడా ఆ నెలల్ని కుక్క సొంతింటికి మార్చింది. 180 రోజులు యజమాని దగ్గరే, బోనులో పది రోజులే. కుక్కకి ఇది చాలా మేలు. అయితే బరువంతా కాగితం మీద పడింది. రక్తం ఇచ్చిన కుక్కా విమానం ఎక్కిన కుక్కా ఒకటేనా? సర్టిఫికెట్ నిజమేనా? అమెరికా 2021లో దొంగ రేబిస్ పత్రాలు ఎక్కువయ్యాయంటూ ఇండియా సహా 113 దేశాల కుక్కల్ని ఆపేసింది. ఆస్ట్రేలియా 2023 మార్చి నుంచి కొత్త మెలిక పెట్టింది. రక్తం తీయకముందే ప్రభుత్వ పశువైద్యుడు చిప్ స్కాన్ చేసి, ఇది ఫలానా కుక్కేనని ధ్రువీకరిస్తే 10 రోజుల క్వారంటైన్. ఆ సంతకం లేకపోతే 30 రోజులు.

అంత చేసినా కొన్ని జారిపోయాయి. గోమార్ల వల్ల కుక్కలకి వచ్చే ఎర్లీకియా జబ్బు, అదే మన వెటర్నరీ డాక్టర్లు ‘టిక్ ఫీవర్’ అని మందు రాసేది, హైదరాబాద్‌లో కుక్కని పెంచే ఇంట్లో తెలియనివాళ్లుండరు. ఆస్ట్రేలియాలో మాత్రం 2020 మే దాకా స్థానిక కుక్కల్లో అది లేదు. ఆ నెలలో కునునుర్రాలో, తర్వాత కేథరిన్‌లో బయటపడింది. రెండూ ఉత్తరాన ఉన్న ఊళ్లే.

ఆ ఉత్తరపు అంచు అవతలే అసలు భయం ఉంది. ఇండోనేసియాలో ఫ్లోరెస్ ద్వీపానికి 1997 దాకా రేబిస్ లేదు. ఆ ఏడాది బుటన్ ద్వీపం నుంచి పడవలో మూడు కుక్కలు దిగాయి. ఆ తర్వాత ద్వీపంలోని కుక్కల్లో దాదాపు సగాన్ని చంపినా జబ్బు పోలేదు. 2008లో బాలికీ అలాగే, చేపల పడవల మీదుగానే వచ్చిందని అంచనా. మూడు నాలుగేళ్లలో వందమందికి పైగా చనిపోయారు. 2023లో పశ్చిమ తైమూర్‌లో, 2024లో తైమూర్-లెస్టెలో కనిపించింది. అక్కడి రాజధాని డిలీ నుంచి ఆస్ట్రేలియాలోని డార్విన్ దాదాపు 700 కిలోమీటర్లు.

పడవలో కుక్క ఉంటే తోడుగా ఉంటుంది, రాత్రిపూట కాపలా కాస్తుంది, రేవులో దిగితే చేపముక్క తిని మళ్లీ ఎక్కుతుంది. దానికి చిప్ ఉండదు, రక్తపరీక్ష ఉండదు. ఆస్ట్రేలియా 1989 నుంచి ఉత్తర తీరానికంతా ప్రత్యేక నిఘా నడుపుతోంది. టారెస్ జలసంధిలోని ద్వీపాల నుంచి ప్రధాన భూభాగానికి కుక్కని తేవాలన్నా పర్మిట్ అడుగుతుంది. ఆ ద్వీపాల్లో ఒకటైన సైబాయ్ నుంచి పాపువా న్యూగినీ తీరం నాలుగు కిలోమీటర్లు. పాపువా న్యూగినీలో రేబిస్ ఇంకా లేదు. ఒడ్డున నిలబడితే అవతలి చెట్లు కనిపిస్తాయి, చిన్న పడవలు పొద్దున్న వచ్చి సాయంత్రం వెళ్లిపోతుంటాయి.