సన్నని గొట్టాల సైకిలు

లియోన్,
ఆదివారం.

చిరంజీవులు అమ్మలుకు, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

పోయిన వారం నేను రొట్టెల దుకాణానికి బయలుదేరడం వీడియోలో చూసి చిన్నోడు, "తాతయ్యా, ఆ సైకిలు యాభై ఏళ్ల పాతదంటావు, గొట్టాలేమో చీపురుకట్ట పిడిలా ఉన్నాయి, నువ్వు ఎక్కితే విరిగిపోదా?" అని అడిగాడు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ, అది ఊరుకోదగిన ప్రశ్న కాదు.

నా సైకిలు ప్యూజో అనే ఫ్రెంచి కంపెనీ వారి పీఎక్స్-10, 1972లో తయారైనది. తెల్లటి రంగు, అతుకుల దగ్గర నల్లటి పూత. పందేల కోసం చేసిన బండి. 1975లోనూ 1977లోనూ టూర్ ద ఫ్రాన్స్ అనే పెద్ద సైకిలు పందెం గెలిచిన బెర్నార్ తెవెనే ఈ ప్యూజో జట్టువాడే. బరువు సుమారు 10 కిలోలు, అంటే మన యానాంలో పాలక్యాన్లు మోసే సైకిలు బరువులో దాదాపు సగం. కింది గొట్టం అడ్డుకొలత 28 మిల్లీమీటర్లు, పై గొట్టానిది 26. రేకు మందమైతే నడిమి భాగంలో ఒక్క మిల్లీమీటరు కూడా ఉండదు. మరి అది నన్నెలా మోస్తోంది?

మీకు కావడి తెలుసు కదా! నా చిన్నతనంలో మా వీధికి గౌతమి నుంచి కావడితో నీళ్లు తెచ్చే పెద్దాయన ఒకడుండేవాడు. నేను ఆయన వెనకే నడుస్తూ బిందెలను కాక వెదురు బద్దనే చూసేవాడిని. భుజం మీద ఆనేచోట బద్ద దళసరిగా ఉండేది, కొసలకు పోనుపోను సన్నబడేది. "అంతా ఒకే లావు ఉంచితే గట్టిగా ఉంటుంది కదా" అని అడిగితే ఆయన, "అప్పుడు బద్ద గట్టిగానే ఉంటుంది, నా భుజమే ఉండదు" అన్నాడు. బరువు ఎక్కడ విరవజూస్తుందో అక్కడ చేవ ఉంచి, తక్కిన చోట చెక్కేయడమే ఆ కావడి రహస్యం.

నా సైకిలు గొట్టాలదీ అదే రహస్యం, కాకపోతే తిరగేసి ఉంటుంది: కొసల్లో దళసరి, నడుమ పలుచన. ఎందుకంటే గొట్టానికి అసలు శ్రమ అతుకుల దగ్గరే. ఈ ఉపాయానికి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మేకులు చేసుకునే రేనాల్డ్స్ కుటుంబం 1897లో పేటెంటు తీసుకుంది. తరువాత 1935లో మాంగనీసు, మాలిబ్డినం కలిపిన 531 అనే ఉక్కు తెచ్చింది. నా ఫ్రెంచి సైకిలు ఒంట్లో ఉన్నది ఆ ఇంగ్లీషు ఉక్కే. గొట్టాల కొసలను లగ్గులనే తొడుగుల్లో దూర్చి, వేడిచేసి, ఇత్తడి కరిగించి అతుకుతారు. ఉక్కు కరగదు, కరిగిన ఇత్తడి మాత్రం వెంట్రుకంత సందు దొరికితే చాలు, తనంతట తానే లోపలికి పాకుతుంది.

కావడి పోలికను ఇంకా సాగదీసి, గతుకులో నా సైకిలు కూడా అలాగే వంగి లేస్తుందని చెబుదామనుకున్నాను, కానీ అది నిజం కాదు. ఆ ముక్కోణపు చట్రం కిందికి వంగేది బహు స్వల్పం. ఊగులాటలో కొంత ముందు చక్రాన్ని పట్టుకునే, ముందుకు వంచిన ఫోర్కుది, చాలావరకు టైర్లలోని గాలిది. ఇంజనీర్లు కొలిచి చెప్పిన మాట కాదనను. అయినా రాళ్లు పరిచిన వీధిలో దిగేటప్పుడు నా అరచేతులకు ఆ పెద్దాయన బద్దే గుర్తొస్తుంది.

పందెపు బండి కదా అని గోడకు తగిలించేవాళ్లు ఇక్కడ చాలామంది. నాకది నచ్చదు, నడవని బండికి తుప్పే సవారీ. పందెపు చక్రాలకు ట్యూబును లోపలే కుట్టేసిన టైరును జిగురుతో రిమ్ముకు అంటిస్తారు, పంక్చరైతే కుట్లు విప్పాలి. అందుకే మామూలు చక్రాలు, 28 మిల్లీమీటర్ల టైర్లు వేయించాను. ముందు రెండు పళ్లచక్రాలు 52, 45 పళ్లవి. క్రోయా-రూస్ గుట్ట ఎక్కడానికి ఈ మోకాళ్లతో అవి కుదరవు. 45 పళ్లది తీయించి, తొక్కడం తేలికయ్యేలా 38 పళ్లది పెట్టించాను. మడ్‌గార్డులు కూడా వేయించేసరికి వీధిలో ఒకాయన నేనేదో అపచారం చేసినట్టు చూశాడు.

ఒకసారి మాత్రం దారిలో పెడళ్లు టకటకమన్నాయి. పెడళ్ల ఇరుసుకు రెండు వైపులా బేరింగు కప్పులు ఉంటాయి. ఇంగ్లీషు కొలతల్లో కుడి కప్పుకు ఎడమ మర, అంటే ఎడమకు తిప్పితే బిగిసే మర ఉంటుంది. పాత ఫ్రెంచి కొలతల్లో రెండూ కుడి మరలే, కనుక తొక్కేకొద్దీ కుడి కప్పు వదులవుతుంది. ఆ సంగతి తెలిసీ గట్టిగా బిగించకపోవడం నా తప్పే. ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాను.

సీటు అందక గొట్టాల సందులోంచి కాలు దూర్చి, అద్దె సైకిలు తొక్కిన రోజుల్లో నేను గొట్టాన్ని ఎప్పుడూ చూడలేదు, గంటెప్పుడు అయిపోతుందా అనే చూశాను. మీరైనా చూడండి. ఈ సాయంత్రం మీ సైకిలు గొట్టాన్ని గోటితో మీటుతూ అతుకు నుంచి నడుమ దాకా రండి, చప్పుడు ఎక్కడైనా మారితే అక్కడ సుద్దతో గీత పెట్టండి. సంతలో కావడివాడు ఎవరైనా కనబడితే, అతని అడుగు ముందు పడుతుందా, బద్ద ముందు లేస్తుందా, అది కూడా చూసి రాయండి. అరవై ఏళ్లుగా నాకు తేలలేదు.

ఇట్లు,
మీ తాతయ్య