శవం ఉబ్బితే విషమేనా? మార్చురీ ముందు వినిపించే అపోహలు

నేను తిరుపతిలో ఫోరెన్సిక్ మెడిసిన్ డాక్టర్ని. మేము కత్తి పట్టేసరికే సూక్ష్మజీవులు సగం పని చేసేసి ఉంటాయి. అవి ఏం చేస్తాయో తెలియక మార్చురీ బయట ఎన్ని గొడవలు జరుగుతాయో, ఎంతమంది మీద లేనిపోని అనుమానాలు పడతాయో చూస్తూనే ఉన్నాను. అందుకే ఈ పోస్టు.

అపోహ: నాలుక బయటికొచ్చి, ముక్కులోంచి రక్తం కారుతుంటే గొంతు నులిమినట్టే. పొట్ట ఉబ్బితే విషం పెట్టినట్టే.

"నాలుక బయటికొచ్చిండాది కదా సార్, ఇంకేం కావాల?" అని బంధువులు నిలదీస్తారు. వాళ్ల బాధ వాళ్లది. కానీ జరిగేది ఇదీ. మన ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుందని అంచనా, అందులో ఎక్కువ భాగం పెద్దపేగులోనే. ప్రాణం పోయాక ఆక్సిజన్ అయిపోతుంది, రోగనిరోధక వ్యవస్థ కాపలా ఉండదు, కణాలు వాటంతటవే కరిగి తిండిగా మారతాయి. క్లాస్ట్రీడియం లాంటి, ఆక్సిజన్ అక్కర్లేని రకాలు విజృంభిస్తాయి. అవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌తో కలిసి పచ్చటి మరక వేస్తుంది. పెద్దపేగు మొదలు చర్మానికి దగ్గరగా ఉండేది పొట్ట కింద కుడివైపున కాబట్టి మరక ముందు అక్కడే కనిపిస్తుంది. అగ్నినక్షత్రం ఎండల్లో 12 నుంచి 18 గంటల్లోనే వచ్చేస్తుంది. తర్వాత రక్తనాళాల వెంబడి పాలరాతి మీది చారల్లా వ్యాపిస్తుంది. ఊరివాళ్లు వాటిని దెబ్బలనుకుంటారు.

ఇక గ్యాస్ పెరిగేకొద్దీ పొట్ట, ముఖం ఉబ్బుతాయి, కళ్లు ముందుకొస్తాయి, నాలుక బయటికి తోసుకొస్తుంది. ఊపిరితిత్తుల్లోంచి, కడుపులోంచి ఎర్రటి ద్రవం ముక్కు, నోటి గుండా కారుతుంది. ఇందులో ఎవరి చెయ్యీ ఉండనక్కర్లేదు. గొంతు నులిమారా లేదా అన్నది మెడ కండరాల్లో రక్తం గడ్డకట్టిందా, నాలుక కింది హయాయిడ్ ఎముక విరిగిందా, మెడ మీద తాడు గుర్తు ఉందా అని బయటా, లోపల విప్పీ చూస్తేనే తేలుతుంది. అలాగని కుళ్లింది కదా అని విషం లేదనీ రాయం. విసెరా, అంటే కడుపు, కాలేయం లాంటి లోపలి అవయవాల ముక్కలు, ల్యాబుకు పంపిస్తాం.

అపోహ: శవం రక్తంలో ఆల్కహాల్ దొరికిందంటే తాగి ఉన్నట్టే.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కుటుంబాలు ఎక్కువగా నలిగిపోయేది ఇక్కడే. ఘాట్ రోడ్డు పక్క లోయలో బైకుతో పడి, రెండు మూడు రోజులకు దొరికిన మనిషిని అనుకోండి. ఒంట్లో మిగిలిన గ్లూకోజ్‌ను కొన్ని బ్యాక్టీరియా, క్యాండిడా లాంటి ఈస్టులు పులియబెట్టి ఆల్కహాల్ చేస్తాయి. మోటారు వాహనాల చట్టం ప్రకారం హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. చుక్క ముట్టని మనిషిలో కూడా కుళ్లిన తర్వాత అది దాటొచ్చు. తీసిన రక్తంలో సూక్ష్మజీవుల పనిని ఆపే సోడియం ఫ్లోరైడ్ కలపకపోతే సీసాలో కూడా ఈ పని సాగుతుంది.

అందుకే రక్తం తొడ సిర నుంచి తీయాలి, పొట్ట దగ్గరిది కాదు. దానితోపాటు కంటిగుడ్డులోని విట్రియస్ ద్రవం కూడా పంపాలి. పేగుల్లోని సూక్ష్మజీవులు అక్కడికి ఆలస్యంగా చేరతాయి. మూత్రంలో ఎథైల్ గ్లూకురోనైడ్ కనిపిస్తే నిజంగా తాగాడన్న మాటకు బలం వస్తుంది, ఎందుకంటే తాగిన ఆల్కహాల్ నుంచి దాన్ని తయారుచేసేది ముఖ్యంగా బతికున్న మనిషి కాలేయం. రక్తం రిపోర్టు ఒక్కటే పట్టుకుని వాదించే ఏ పక్షమైనా నాకు తొందరపడినట్టే కనిపిస్తుంది.

అపోహ: బ్యాక్టీరియాని చూసి చనిపోయిన గంట చెప్పేయొచ్చు.

ఈమధ్య వీడియోల పుణ్యమా అని ఇది ఎక్కువగా అడుగుతున్నారు. ఆలోచన మాత్రం నిజమైనదే. కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు ఒక వరుసలో వస్తాయి, పోతాయి. 2013లో అమెరికాలో ఎలుకల మీద 48 రోజులు చేసిన అధ్యయనంలో మరణ సమయాన్ని దాదాపు 3 రోజుల తేడాతో లెక్కగట్టారు. 2024లో టెన్నెసీ, టెక్సస్, కొలరాడోల్లో, శరీరదానం చేసిన 36 మంది దేహాలను 21 రోజులపాటు గమనించారు. చోటు మారినా, కాలం మారినా కుళ్లబెట్టే ముఖ్యమైన జట్టు మాత్రం ఒకటే! వాటిని ఈగలు, పురుగులు మోసుకొస్తున్నాయని వాళ్ల అంచనా. అక్కడా తేడా సుమారు 3 రోజులే. అంటే రోజుల లెక్క, గంటల లెక్క కాదు.

మాకు ఇది ఎందుకు ఆసక్తి అంటే, మొదటి రోజు వాడే పాత పద్ధతి, శవం చల్లబడే వేగం, మే నెల తిరుపతిలో పని చేయదు. బయట 41 డిగ్రీలుంటే 37 డిగ్రీల శరీరం చల్లబడేదెక్కడ? గాలిలో ఒక వారం కుళ్లితే నీళ్లలో రెండు, మట్టిలో ఎనిమిది వారాలతో సమానం అనే కాస్పర్ సూత్రం కూడా మోటు లెక్కే. అయినా పై ఫలితాలు వాళ్ల ఎండకీ, వాళ్ల నేలకీ చెందినవి. శేషాచలం అడవిలో దొరికిన శవానికి వాటిని అలాగే అంటించలేం. నేనైతే ఇక్కడి లెక్కలు వచ్చేదాకా రిపోర్టులో దీన్ని నమ్ముకోను.

అపోహ: ఫ్రీజర్‌లో పెడితే కుళ్లడం ఆగుతుంది.

నిదానిస్తుంది, అంతే. మార్చురీ కోల్డ్ ఛాంబర్ సుమారు 4 డిగ్రీల దగ్గర ఉంటుంది, అక్కడ కూడా బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది.

అపోహ: విసెరా జాడీలో అన్నీ ఉంటాయి, ఎప్పుడైనా పరీక్షించుకోవచ్చు.

ఆ జాడీలో పోసేది చిక్కటి ఉప్పునీళ్లు, విషం వెతకడానికి. సూక్ష్మజీవుల డీఎన్ఏ కావాలంటే ముక్కు, నోరు, చెవుల నుంచి వేరే స్వాబ్‌లు తీసి వెంటనే గడ్డకట్టించాలి. డెట్రాయిట్‌లో 188 మంది మీద చేసిన అధ్యయనంలో, ఈ చోట్ల ఉండే సూక్ష్మజీవులు మరణించాక ఒకటి, రెండు రోజుల వరకు పెద్దగా మారలేదని తేలింది. అంటే బతికున్నప్పటి స్థితి ఆ కాస్త సమయమే దొరుకుతుంది.

మన ఇళ్లలో మరణం జరగ్గానే స్నానం చేయించి పసుపు పూస్తారు. అనుమానం ఏ కొంచెమున్నా అవి రెండూ పంచనామా, పోస్ట్‌మార్టం అయ్యేదాకా ఆపండి. బట్టలు మార్చకండి, గోళ్లు కడగకండి. శరీరాన్ని అప్పగించాక కర్మకాండకు ఎలాంటి అడ్డూ ఉండదు.